దీపం పట్టుకు తిరిగే వంటవాడు

ఆ వారమంతా మైకమ్మ గొంతు బొంగురుపోయే ఉంది. పొద్దున లేవగానే ఉప్పునీళ్ళు పుక్కిలించడం, మధ్యాహ్నం లవంగం బుగ్గన పెట్టుకోవడం, సాయంత్రం మళ్ళీ మైకు పట్టుకుని అరవడం. "కాస్త ఆ గొంతుకి రెస్టు ఇవ్వరాదూ" అని మొగుడు రోజూ అంటూనే ఉంటాడు గానీ, టికెట్ల కోసం జనం చేరడం చూశాడంటే చాలు, ముందు తనే వెళ్ళి మైకులో కొత్త బ్యాటరీలు వేసి తెచ్చిస్తాడు. ఇలాంటి ప్రేమ మైకమ్మకు అలవాటే.

పడవ వాళ్ళ సొంతం. నడిపేది ఆయన, అందుకని రేవులో అందరూ ఆయన్ని సరంగు అంటారు. మాట్లాడేది ఆవిడ, అందుకని మైకమ్మ. విహారానికి తిప్పే పడవలు రేవులో ఇంకా చాలానే ఉన్నాయి. వాటిలో పాటలున్నాయి, రంగు బల్బులున్నాయి, మెత్తటి సీట్లున్నాయి. వీళ్ళ పడవకు రంగు వేసి ఎన్నేళ్ళయిందో సరంగుకే గుర్తులేదు. అయినా చీకటి పడే వేళ ట్రిప్పుకి జనం ఆ మెత్తటి సీట్లు కాదని వీళ్ళ చెక్క బల్లల మీదకే ఎగబడతారు. ఎందుకంటే రేవు దాటాక కాస్త దూరంలో లంగరేసి ఉన్న తుప్పు ఓడ గురించి మైకమ్మ చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు.

"అయ్యలూ, అమ్మలూ, ఎడమచేతి వైపు చూడండి. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి, తర్వాత నన్నని లాభం లేదు," అని ఆ రోజూ మొదలెట్టింది. సరంగు ఇంజను వేగం తగ్గించాడు. ఎక్కడ తగ్గించాలో ఆయనకు చెప్పనక్కర్లేదు.

"సముద్రం మీద మనుషుల్లేని ఓడ ఇదొక్కటే అనుకోకండి. వెనకటికి ఒకటి దొరికింది. తెరచాపలు ఎత్తినవి ఎత్తినట్టే ఉన్నాయట, బల్ల మీద కప్పుల్లో టీ ఇంకా వేడిగానే ఉందట. తాగేవాడు మాత్రం ఒక్కడూ లేడు! ఇంకోటుంది, దాని కెప్టెను తుఫానుతో పంతం పట్టాడు. 'రేవు చేరేదాకా వెనక్కి తిరగను' అని ఒట్టేశాడు. వెనక్కీ తిరగలేదు, రేవూ చేరలేదు, ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాడు. సరే, అవన్నీ ఎక్కడో దూరాన. మన ఓడ సంగతి చూడండి. దీంట్లో ఒకరి తర్వాత ఒకరు పోయారు. ఆఖరికి మిగిలింది వంటవాడు. పాపం, వండిన అన్నం చల్లారిపోతోందే, తినేవాళ్ళు ఏరీ అని దీపం పట్టుకుని గదిగదీ వెతికాడు. వెతికి వెతికి ఆయనా పోయాడు. పోయినా వెతకడం మానలేదు. కుడికాలు సరిగా పడదు ఆయనకి, ఈడ్చుకుంటూ నడుస్తాడు. వినపడుతోందా? ఉష్... అదిగో!"

ఓడ పైఅంచున పసుపు రంగు దీపం ఒకటి కదిలింది. నెమ్మదిగా, ఆగి ఆగి, ఒక చివరి నుంచి రెండో చివరికి. పడవలో ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. మగవాళ్ళు కెవ్వుమనకూడదు కాబట్టి ఫోన్లు పైకెత్తారు. ఒకాయన అయితే పక్కనున్న పరాయి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, తర్వాత సారీ చెప్పాడు. మైకమ్మ మైకు దించి లవంగం ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మార్చుకుంది. ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకుంటే చాలనిపించింది ఆవిడకు.

మర్నాడు పొద్దున జనం లేని పడవలో ఇద్దరూ ఆ ఓడ దగ్గరికే వెళ్ళారు. నీళ్ళ క్యాన్లు, ఉల్లిపాయలు, బియ్యం, దీపానికి కిరసనాయిలు. సరంగు ఈల వేశాడు. పైనుంచి తాడు దిగింది. తాడు వెనక నెరిసిన గడ్డంతో, మాసిపోయిన ఏప్రను వేసుకున్న మనిషి తొంగిచూశాడు.

"నిన్న బాగా అరిచారమ్మా మీవాళ్ళు," అన్నాడు వంటాయన పైనుంచి.

"నీ నడక అంత బాగుంది మరి అన్నయ్యా," అంది మైకమ్మ క్యానుకి తాడు ముడేస్తూ. "ఏంటి, ఇవాళ మొహం అలా వేలాడేశావు?"

"నడక కాదమ్మా, నిజంగానే కాలు సలుపుతోంది. మెట్టు మీద తుప్పురేకు గీసుకుంది."

"కట్టు కట్టుకున్నావా?"

"కట్టాన్లే. పాత ఏప్రను చించి."

ఇదీ దయ్యం కథ. ఆ ఓడ యజమాని ఒకరోజు డబ్బు పంపడం మానేశాడు, తర్వాత ఫోనెత్తడం మానేశాడు. ఓడ లంగరు మీదే ఉండిపోయింది. లంగరేసిన ఓడ మీద ఒక్క మనిషైనా ఉండి తీరాలన్నది రేవు చట్టం. అందరూ ఇళ్ళకు పోవాలంటే ఒకరు ఆగాలి. ఒకడికి తల్లి మంచంలో ఉంది, ఒకడికి పెళ్ళి కుదిరింది, కెప్టెనుకి బీపీ. "ఒక్క వారం, ఇంకో మనిషిని పంపుతాం" అంటే వంటాయన సరేనన్నాడు. వండి పెట్టేవాడికి మొహమాటం ఎక్కువ. మనుషుల్ని దింపిన ఓడ తరఫు ఏజెంటు ఒడ్డుకెళ్ళి 'అందర్నీ పంపేశాం, ఓడ ఖాళీ' అని చెప్పి చేతులు దులుపుకుని పోయాడు. కాగితాల్లో ఆఖరి మనిషిగా వంటాయన పేరే ఉంది, ఆఫీసులో ఎవరూ దాన్ని తిప్పి చూడలేదు. ఆ ఆఖరి మనిషి దిగాలంటే రేవు ఆఫీసరు స్వయంగా ఓడెక్కి, మనిషిని కళ్ళారా చూసి, ఇక దిగవచ్చు అనాలి. చెప్పకుండా దిగితే ఓడ వదిలి పారిపోయినవాడి కింద లెక్క, నేరుగా లాకప్పు. దింపిన పడవ లైసెన్సు కూడా గోవిందా.

దీపం మొదట్లో వేషం కాదు. సాయం కోసం ఊపిన దీపం అది. చీకటి పడితే వచ్చే పోయే ప్రతి పడవకీ ఊపి, అరిచి, గొంతు పోగొట్టుకున్నాడు ఆ మనిషి. పడవల్లో వాళ్ళు జడుసుకుని కేకలు పెట్టారు. ఆ కేకల్లోంచే మైకమ్మకు కథ పుట్టింది. మొదట కెప్టెను దయ్యమని చెప్పింది, అంతగా అతకలేదు. సరంగు ఒకసారి దగ్గరికి పోనిచ్చి చూస్తే మనిషి! నీళ్ళిచ్చారు, అన్నం పెట్టారు, సొంత అన్నయ్యలా మాట్లాడారు. ఆ మాటల్లోనే ఆయన వంటగది గురించి, కుంటికాలి గురించి, వండిన అన్నం మిగిలిపోతే ఆయనకు నిద్రపట్టకపోవడం గురించి విని, అవన్నీ మైకమ్మ కథలో కలిపేసింది. అప్పుడు కథ పాకాన పడింది. "అన్నయ్యా, ఆ దీపం సాయంత్రం పూట అలా తిప్పుతూ ఉండు. నీకేం కావాలన్నా మేం తెస్తాం" అంది. ఆయన కాసేపు ఆలోచించి, "సరేనమ్మా, నాకూ కాలక్షేపం" అన్నాడు. దాన్ని ఎవరూ బేరం అనలేదు. దీపం ఆపితే నీళ్ళు ఆపేస్తామనీ ఎవరూ అనలేదు. కానీ దీపం వెలగని రోజంటూ ఒక్కటీ లేదు.

ఆఫీసులో గట్టిగా చెప్పి ఆయన్ని దింపించాలని మైకమ్మకు అప్పుడప్పుడూ అనిపించేది. అనిపించిన ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డు పడేది. సెలవులొచ్చాయి, జనం బాగా ఉన్నారు. సెలవులయ్యాయి, ఇంజనుకి రిపేరొచ్చింది. ఈ నెల పోనీ, పై నెల చూద్దాం. అలా చూస్తూనే ఉంది.

"పోనీ నా ఫోను తీసుకో, వదినతో ఒకసారి మాట్లాడు," అని క్యాను తాడు లాగుతున్న ఆయన్ని ఆ పొద్దున మళ్ళీ అడిగింది.

"వద్దమ్మా. ఇంకో వారం, ఇంకో వారం అని చెప్పీ చెప్పీ నాకే సిగ్గేసి మానేశాను. ఒడ్డున కాలు పెట్టాకే చేస్తాను," అని ఆయన ఎప్పటిలాగే అన్నాడు. తర్వాత పైనుంచి కిందికి వంగి, "నువ్వు చెప్పే ఆ వేడి టీ కథ ఉందే, దాంట్లో దయ్యం లేదు తల్లీ," అన్నాడు. "నేనూ సముద్రం మీద ఖాళీ ఓడల్ని చూశాను. ప్రతిదీ ఎవరో ఒకరు వదిలేసిందే. టీ తాగే టైము కూడా ఇచ్చుండరు."

"ఇది చెబితే టికెట్టు ఎవడు కొంటాడు అన్నయ్యా," అని నవ్వేసింది మైకమ్మ.

*

ఆ సాయంత్రం దీపం రాలేదు.

"అదిగో!" అని మైకమ్మ చెయ్యి చాపింది. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. ఓడ నల్లగా నిలబడి ఉంది. "ఉష్, వస్తాడు, వస్తాడు. కాలు కుంటి కదా, టైము పడుతుంది," అంది. జనం నవ్వారు. మళ్ళీ చెప్పింది, "అదిగో" అని. సరంగు పడవను ఓడ చుట్టూ ఒక చుట్టు తిప్పాడు. ఏమీ లేదు. వెనక బల్ల మీది ఒకావిడ "దయ్యానికి ఇవాళ సెలవేమో" అంది. ఇంకొకాయన టికెట్టు డబ్బు వాపసిమ్మన్నాడు. మామూలు రోజైతే మైకమ్మ అతన్ని మాటలతో ఉతికి ఆరేసేది. ఆ రోజు చూపంతా ఓడ మీదే ఉంది.

తెల్లారీ తెల్లారకముందే వెళ్ళారు. ఎంత ఈల వేసినా తాడు దిగలేదు. పక్కనే వేలాడుతున్న ఇనప నిచ్చెన పట్టుకుని మైకమ్మ పైకెక్కింది. ఇన్నాళ్ళలో ఆ ఓడ ఎక్కడం అదే మొదటిసారి. కథలో గదిగదీ తిప్పి చూపించింది గానీ తను ఒక్క గదీ చూడలేదు.

వంటగదిలో, పొయ్యి పక్కన పరుచుకున్న దుప్పటి మీద పడి ఉన్నాడు వంటాయన. ఒళ్ళు కాలిపోతోంది. కాలు మోకాలి దాకా వాచి నున్నగా మెరుస్తోంది. కట్టు దగ్గర వాసన. గిన్నెలన్నీ తోమి వరసగా బోర్లించి ఉన్నాయి, ఇంకా తినేవాళ్ళు బోలెడుమంది ఉన్నట్టు. దీపం చిమ్నీ కూడా తుడిచి పెట్టి ఉంది.

"నిన్న లేవలేకపోయానమ్మా," అన్నాడు ఆయన కళ్ళు తెరిచి. "మీవాళ్ళు గొడవ చేశారా?"

ఆ ముక్కతో మైకమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. "నోరుముయ్యి అన్నయ్యా! గొడవట, గొడవ! నీ ప్రాణం మీదికొస్తే జనం గొడవ నీకెందుకు?" అని తిట్టి, తడిగుడ్డ నుదుటి మీద వేసి, నీళ్ళు తాగించి, బిళ్ళ మింగించి కిందకి దిగింది. దిగేటప్పుడు రెండుసార్లు మెట్టు తప్పింది.

రేవు ఆఫీసులో గుమాస్తా టిఫిను డబ్బా మూత పెడుతున్నాడు. మంచివాడే, నవ్వుమొహం. మైకమ్మను చూడగానే, "రండి రండి, మొన్న మా పిల్లలు మీ పడవే ఎక్కారు. రాత్రంతా నా మెడ పట్టుకునే పడుకున్నారు," అన్నాడు సంబరంగా.

"అయ్యా, ఆ ఓడ మీద మనిషున్నాడు. వంటాయన. జ్వరంతో పడున్నాడు. కాలు కుళ్ళేలా ఉంది. ఆఫీసరు గారు లాంచీలో వచ్చి ఒక్కసారి చూసి దింపమంటే చాలు, ఆసుపత్రికి మేం తీసుకెళ్తాం."

గుమాస్తా వింటున్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి. పక్క బల్ల మీది వాళ్ళని కూడా పిలిచాడు, వినండి వినండి అని. మైకమ్మ మొదటి నుంచీ చెప్పింది. ఏజెంటు, ఒక్క వారం, ఏప్రను చింపిన కట్టు. చెప్పేకొద్దీ కళ్ళ నీళ్ళు కారిపోయాయి. అయిపోగానే గుమాస్తా చప్పట్లు కొట్టాడు.

"అబ్బబ్బ! ఇది కొత్తదా? పాతదానికన్నా ఇదే బాగుందమ్మా. నాకే ఒళ్ళు గగుర్పొడిచింది!"

"కథ కాదయ్యా, నా పిల్లల మీద ఒట్టు!"

"మొన్న కూడా పిల్లల మీదే ఒట్టేశారు, ఓడలో బతికున్న పురుగు లేదని. మా చిన్నది ఇంట్లో అదే అప్పజెబుతోంది." గుమాస్తా కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "ఓడ ఖాళీ అని మాకు ఏజెంటు చెప్పాడు, మీరు చెప్పారు, ఊరంతా చెబుతోంది. ఇప్పుడు ఆఫీసరు గారిని లేపి దయ్యాన్ని చూద్దాం రండి అంటే నా ఉద్యోగం ఊడుతుంది."

బయట లాంచీ డ్రైవరు కాళ్ళ మీద పడినంత పని చేసింది. అతను నవ్వలేదు. మొహం పాలిపోయింది. "పిన్నీ, నేను ఎటైనా వస్తాను గానీ ఆ ఓడ దగ్గరికి మాత్రం రాను. ఆ దీపాన్ని నా కళ్ళతో చూశాను," అన్నాడు.

మైకమ్మ జెట్టీ అంచున చతికిలబడింది. అరిచి చెప్పినన్నాళ్ళూ అబద్ధం ఊరంతా పాకింది. నిజం చెప్పబోతే ఈ గుమ్మం దాటడం లేదు. ఎవరిని తిట్టాలో కూడా తెలియలేదు. తిట్టడానికి తను తప్ప ఎవరూ కనపడలేదు.

"దింపేద్దాం," అంది సరంగుతో.

ఆయన ఇంజను మీద నూనె గుడ్డ పెట్టి తుడుస్తూ ఉండిపోయాడు. "లైసెన్సు పోతే?" అన్నాడు చివరికి.

"పోతే పోనీ. చేపలు కడుగుతాను."

"నువ్వా? చేప వాసనకి వాంతులు చేసుకుంటావు."

"వాంతులు చేసుకుంటూనే కడుగుతాను. నీకేంటి?"

ఆయన గుడ్డ తిప్పి రెండో వైపు తుడిచాడు. మంచివాడే గానీ, ఏ పనికైనా ఆయన భయం ముందు తీరాలి. "ఇప్పుడు ఖాళీ పడవలో తెస్తే గేటు దగ్గర ఒక్కడే మనిషి కనపడతాడు, పట్టేసుకుంటారు," అన్నాడు కాసేపటికి. "సాయంత్రం ట్రిప్పులో జనంతో కలిపి తెద్దాం. ఈలోగా నేను వెళ్ళి ట్రిప్పు వేళదాకా ఆయన పక్కన కూర్చుంటాను. గంజి కాచివ్వు."

*

ఆ సాయంత్రం మైకమ్మ మైకు పట్టుకుంది గానీ పాత మాట ఒక్కటీ మొదలెట్టలేదు. పడవ తిన్నగా ఓడ నిచ్చెన దగ్గరికే వెళ్ళి ఆగింది. జనంలో కలకలం. ఇంత దగ్గరికి ఎప్పుడూ తేరట, మనకు తెచ్చారు అని ఒకరి భుజాలు ఒకరు పొడుచుకున్నారు.

"వినండి," అంది మైకమ్మ. "ఈ ఓడలో దయ్యం లేదు. ఎప్పుడూ లేదు. నేను చెప్పిందంతా కల్పన. పైన ఒకాయన ఉన్నాడు. వంటాయన. యజమాని వదిలేశాడు, ఆఫీసు మర్చిపోయింది. మేం నీళ్ళిచ్చి దీపం పట్టించాం. ఆయనకిప్పుడు ఒంట్లో బాగాలేదు. మన పడవలో ఒడ్డుకి తీసుకెళ్తున్నాం. కాస్త చోటివ్వండి, అంతే."

ఒక్కళ్ళూ కదల్లేదు. అందరి ఫోన్లూ పైనే ఉన్నాయి. సరంగు పైకెక్కి వంటాయన్ని నిచ్చెన దాకా నడిపించుకొచ్చి, తను ముందు దిగాడు, ఒక్కో మెట్టు మీదా ఆయన పాదాన్ని చేత్తో పట్టి పెడుతూ. వంటాయన వెనక్కి తిరిగి దిగుతున్నాడు. ఏప్రను విప్పలేదు. సగంలో ఆగి ఇనప రెయిలింగుకి నుదురు ఆనించి ఊపిరి తీసుకున్నాడు. చివరి మెట్టు దిగి పడవలో అడుగుపెట్టగానే పడవంతా చప్పట్లు మారుమోగాయి. ఈలలు కూడా వేశారు.

"మేకప్పు చూడవే, కాలు నిజంగా వాచినట్టే ఉంది!" అంది ఒకావిడ కూతురితో. పిల్లొకతి వేలితో ఆయన చెయ్యి తాకి చూసి, "అమ్మా, వేడిగా ఉన్నాడు," అంది. కళ్ళజోడాయన ఒకడు మర్యాదగా జరిగి చోటిచ్చాడు. ఇచ్చి, గొంతు తగ్గించి అడిగాడు: "రోజుకి మీకు ఏమిస్తారండీ?"

వంటాయన అతని వంక చూశాడు. ఇన్నాళ్ళ తర్వాత కొత్త మనిషి ఒకడు తనని అడిగిన మొదటి మాట అది. ఆలోచించి నిజమే చెప్పాడు. "నీళ్ళిస్తారు బాబూ."

కళ్ళజోడాయన పగలబడి నవ్వాడు. ఆ జోకు పడవ ఆ చివరి దాకా వెళ్ళింది. మైకమ్మ మైకు స్విచ్చి ఆపేసి ఒళ్ళో పెట్టుకుని, ఇంక వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఎవరినో ఒకరిని నీళ్ళలోకి తోసేసేదేమో.

జెట్టీ గేటు దగ్గర కాపలావాడు టికెట్లు చింపుతూ ఒక్కొక్కళ్ళనీ వదులుతున్నాడు. సరంగు భుజం మీద బరువంతా వేసి నడుస్తున్న వంటాయన దగ్గర ఆగాడు. "ఈయన టికెట్టేది? వెళ్ళేటప్పుడు ఈయన లేడే?"

అదే సమయానికి గుమాస్తా సైకిలు నడిపించుకుంటూ ఇంటికి బయల్దేరాడు. మా బావగారనో, దారిలో ఎక్కించుకున్నామనో చెప్పడానికి మైకమ్మకు అరనిమిషం చాలు. అబద్ధాలకు కరువేముంది ఆ నోటికి? కానీ ఆ పూట ఇంకో అబద్ధం చెప్పడానికి ఒంట్లో ఓపిక లేదు.

"ఓడలోంచి దింపాం," అంది. "పొద్దున చెప్పానే, ఆ వంటాయన. పట్టుకుంటే పట్టుకోండి, ముందు ఆసుపత్రికి పోనివ్వండి."

గుమాస్తా సైకిలు స్టాండు వేశాడు. వంటాయన గడ్డం చూశాడు, ఏప్రను చూశాడు, కాలు చూశాడు. మొహమంతా విప్పారింది.

"వేషం కూడా కట్టించేశారా! పొద్దున చెప్పి సాయంత్రానికల్లా!" అని కాపలావాడి వీపు చరిచాడు. "చూశావా? దయ్యం. వదిలెయ్, వదిలెయ్, వీళ్ళ మనిషే. ఆ ఓడలో ఎవరున్నారు గనక దింపడానికి?" తర్వాత వంటాయన చెయ్యి పట్టుకుని ఊపాడు. "బాగా చేశారండీ. కుంటి నడక అయితే అచ్చంగా అలాగే ఉంది."

"సంతోషమండీ," అన్నాడు వంటాయన.

గేటు తీశారు. ఆయన కుడికాలు ఈడ్చుకుంటూ బయటికి నడిచాడు. వెనక ఎవరో మళ్ళీ చప్పట్లు కొట్టారు.

*

ఆసుపత్రిలో కాలు కోసి చీము తీశారు. ఒక్క రోజు ఆలస్యమైతే కాలే తీసేయాల్సి వచ్చేదని డాక్టరు సరంగు మీద కేకలేశాడు, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని. సరంగు తలొంచుకుని విన్నాడు. మర్నాడు పొద్దెక్కాక జ్వరం దిగింది. వంటాయన దిండుకి ఆనుకుని కూర్చుని, గ్లాసులో టీ సగం తాగి, "ఇప్పుడు చేద్దామమ్మా," అన్నాడు.

నంబరు ఆయనకు నోటికి వచ్చు. చెబుతుంటే మైకమ్మ నొక్కింది. ఫోను చేతికివ్వబోతే ఆయన వెనక్కి జరిగాడు. "ముందు నువ్వు మాట్లాడు. ఉన్నట్టుండి నా గొంతు వింటే కంగారుపడుతుంది. నీకు మాటలొచ్చుగా, నెమ్మదిగా చెప్పు."

అవతల ఫోనెత్తారు. "ఎవరు?" ఆడగొంతు, నిద్రలేని గొంతు.

"వదినా, నమస్కారం. నేనెవరో మీకు తెలీదు. మీకో శుభవార్త చెబుదామని..."

"తెలుసు," అంది అవతలావిడ.

"ఏంటి వదినా?"

"నీ గొంతు నాకు తెలుసమ్మా. పడవలో మైకు పట్టుకుని చెప్పేది నువ్వే కదూ." గొంతులో కోపం లేదు. కోపానికి ఓపిక ఉండాలి. "మా తమ్ముడు ఫోనులో చూపించాడు. ఎవరో వీడియో తీసి పెట్టారట. ఓడ మా ఆయనదే. ఆ నడక ఆయనదే. అన్నం మిగిలితే నిద్రపట్టదని నువ్వన్నావు చూడు, అప్పుడు రూఢి అయింది నాకు. ఆ ముక్క బయటివాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఎన్నిసార్లు చూశానో. రోజూ ఆ దీపం కనపడే దాకా చూసి పడుకుంటాను. ఇప్పుడేం కావాలమ్మా నీకు?"

ఇంతమందికి ఇన్ని సాయంత్రాలు చెప్పిన కథ ఒకరింటికి చావు కబురుగా వెళ్ళి చేరుతుందని మైకమ్మ కలలో కూడా అనుకోలేదు. "వదినా, అది... అదంతా ఉత్తుత్తిది," అంది.

"ఉత్తుత్తిదా?"

"ఆయన ఉన్నాడు వదినా. ఇదిగో, నా పక్కనే."

"ఆయన పోయాడని చెప్పింది నువ్వే. నమ్మాను. ఇప్పుడు ఉన్నాడని చెబుతోందీ నువ్వే." ఆవిడ ఒక్క నిట్టూర్పు విడిచింది. "ఎందుకమ్మా, మాతో నీకు?"

మైకమ్మ ఫోను వంటాయన చేతిలో పెట్టేసింది. ఆయన రెండు చేతులతో చెవికి ఆనించుకున్నాడు. 'నేనే' అనలేదు, పేరు పెట్టి పిలవలేదు. గొంతు సవరించుకుని, "ఏం వండావు?" అన్నాడు.

అవతల ఏదో చిన్న మాట. ఆయన మొహం ముడుచుకుపోయింది, పెదవులు అదిరాయి. "అంతేనా? కూర ఏదీ? ఒక్కదాన్నే కదా అని మానేస్తున్నావా రోజూ?" అని కోప్పడ్డాడు. ఆ కోపానికి ఫోనులోంచి ఏడుపు వినపడింది. పక్క మంచం వాళ్ళకి కూడా వినపడేంత ఏడుపు. ఆయన ఊఁ కొడుతూ, మధ్యమధ్య "లేదు లేదు", "ఇక్కడే, ఒడ్డునే" అంటూ, కారిపోతున్న ముక్కు దుప్పటితో తుడుచుకుంటూ కూర్చున్నాడు. సరంగు కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. మైకమ్మకు లేచి పారిపోవాలనిపించింది.

చాలాసేపటికి వంటాయన ఫోను ఇటు చాపాడు. "నీతో మాట్లాడాలంటోంది."

"నాతోనా? వద్దన్నయ్యా."

"అడుగుతోందమ్మా."

తీసుకుంది. చెవి దగ్గర పెట్టుకుని తిట్ల కోసం కళ్ళు మూసుకుంది.

"ఈయన అంతా బాగానే ఉందంటాడు. ఎప్పుడూ అంతే," అంది అవతలావిడ. ఏడ్చి ఏడ్చి గొంతు పట్టేసింది. "నువ్వు చూశావుగా. నిజం చెప్పు. ఎలా ఉన్నాడు?"

మైకమ్మ కళ్ళు తెరిచి మంచం వైపు చూసింది. ఒక్కో ముక్కా చూసి చూసి చెప్పింది.

"చిక్కిపోయాడు వదినా. గడ్డం పెరిగింది. కుడికాలు కోసి కట్టు కట్టారు. నడవడానికి టైము పడుతుందన్నారు. జ్వరం పొద్దున దిగింది. టీ సగం తాగాడు."

"ఇంకా?"

"ఇంకేం లేదు వదినా," అంది మైకమ్మ. "అంతే."